వెన్న తీశాక మజ్జిగలో ఏం మిగులుతుంది?

సందేహాలు - సమాధానాలు

"మా అత్తయ్యగారికి 58 ఏళ్ళు. ఎముకల్లో పట్టు తగ్గిందని డాక్టరు గారు చెప్పారు. పాలు గిట్టవు కాబట్టి రోజూ రెండు గ్లాసుల పల్చటి మజ్జిగ తాగుతారు. 'వెన్న తీసేశాక ఇంకేముంది, నీళ్ళేగా' అంటారు మామయ్యగారు. 'క్యాల్షియమంతా ఇందులోనే ఉంది' అంటారు ఆవిడ. ఎవరి మాట నిజమండీ?"
- ఒక కోడలు, తణుకు

వెన్న గురించి మీ అత్తయ్యగారి మాటే నిజమమ్మా. నీళ్ళ గురించి మాత్రం మామయ్యగారిది. చిలికి వెన్న తీస్తే పోయేది కొవ్వు, ఆ కొవ్వును అంటుకుని ఉండే ఎ విటమిన్. మాంసకృత్తులు, క్యాల్షియం, ఫాస్ఫరస్, పొటాషియం, బి2, బి12 విటమిన్లు దాదాపుగా మజ్జిగలోనే ఉండిపోతాయి. కాబట్టి వెన్న తీశారని మజ్జిగ సారం పోదు. సారం తగ్గేది మనం పోసే నీళ్ళ వల్ల.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల్లో 100 గ్రాముల ఆవు పెరుగుకు 149 మిల్లీగ్రాముల క్యాల్షియం, 3.1 గ్రాముల మాంసకృత్తులు, 60 కేలరీలు చూపించారు. అదే 100 గ్రాముల మజ్జిగకు 30 మిల్లీగ్రాములు, 0.8 గ్రాములు, 15 కేలరీలు. అంటే 200 మిల్లీలీటర్ల గ్లాసులో క్యాల్షియం 60 మిల్లీగ్రాములకు మించదు. రెండు గ్లాసులకు 120. నెలసరి ఆగిపోయిన స్త్రీలకు రోజుకు 1,200 మిల్లీగ్రాములు కావాలని అదే సంస్థ 2020లో సిఫారసు చేసింది. ఆవిడకు అందుతున్నది పదోవంతు! ఎండాకాలం దాహానికి పల్చటి మజ్జిగను మించింది లేదు. ఎముకల కోసమైతే అది చాలదు, ఈ విషయం ఆవిడకు నెమ్మదిగా చెప్పండి.

మాన్పించవద్దు, చిక్కగా ఇవ్వండి. ఒక కప్పు పెరుగులో, అంటే 150 గ్రాముల్లో, అంతే నీళ్ళు పోసి గిలకొట్టి పూటకొకటి చొప్పున తాగిస్తే రోజుకు 400 మిల్లీగ్రాములు దాటుతుంది. ఉదయం ఆ మజ్జిగే పోసి రాగి అంబలి చేయండి. 30 గ్రాముల రాగిపిండి సుమారు మరో 100 కలుపుతుంది. ఆకుకూరలు, నువ్వులు, అలవాటుంటే ముల్లుతో సహా తినే చిన్న చేపలు కూడా తోడవాలి. అప్పటికీ లోటు ఉంటే మాత్ర అవసరమా, డి విటమిన్ ఎంత ఉంది అన్నది డాక్టరుగారే చూడాలి. మజ్జిగ ఉందిగా అని ఆ పరీక్షను వాయిదా వేయకండి.

"మా ఇంట్ల బర్రె ఉంది. నాకు బీపీ, కొలెస్ట్రాల్ రెండూ ఉన్నయి. సల్లల కొవ్వుండదని రోజుకు నాలుగు గ్లాసులు తాగుతున్న. మంచిదేనా?"
- ఒక రైతు, కరీంనగర్ జిల్లా

సల్ల ఎట్ల చేస్తున్నరో రాయలేదు. కవ్వంతో చిలికి వెన్న పూర్తిగా తీస్తే 100 మిల్లీలీటర్లలో మిగిలే కొవ్వు అర గ్రాము అటూ ఇటూ. దాని గురించి భయం అక్కర్లేదు. పెరుగులో నీళ్ళు పోసి మిక్సీలో ఒక్క తిప్పు తిప్పేదైతే కొవ్వు ఎక్కడికీ పోలేదు, పల్చబడిందంతే. బర్రె పాలల్లో కొవ్వు 6, 7 శాతం ఉంటుంది కాబట్టి మీ విషయంలో ఈ తేడా పెద్దది. పాకెట్ పాలు వాడేవారికైతే టోన్డ్ పాలల్లో 3 శాతం, డబుల్ టోన్డ్‌లో 1.5 శాతం.

మీ ఉత్తరం చదివాక నన్ను ఎక్కువ కలవరపెట్టింది కొవ్వు కాదు, ఉప్పు. గ్లాసుకు పావు చెంచా వేసుకున్నా నాలుగు గ్లాసులకు నిండు చెంచా, అంటే సుమారు 5 గ్రాములు. ఒక మనిషి రోజంతా అన్ని వంటల్లో కలిపి తినదగిన ఉప్పుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత అదే. కూరలో, పచ్చడిలో పడేది ఇంకా లెక్కలోకే రాలేదు. బీపీ ఉన్న మీరు సల్లలో ఉప్పు మానేయండి. అల్లం, కరివేపాకు, జీలకర్ర పొడి, నిమ్మరసం వేస్తే నాలుక వారంలో అలవాటు పడుతుంది. దుకాణంలో కొనే మసాలా మజ్జిగ పాకెట్ మీద సోడియం ఎంతో చూడకుండా తాగవద్దు. మూత్రపిండాల జబ్బు కూడా ఉంటే పొటాషియం, ఫాస్ఫరస్ లెక్క వేరు, గ్లాసులు ఎన్నో మీ డాక్టరే చెప్పాలి.

"ఇక్కడ డబ్బాల్లో లో ఫ్యాట్ బటర్‌మిల్క్ దొరుకుతుంది. మన మజ్జిగ బదులు తాగొచ్చా? నాకు పాలు తాగితే కడుపు ఉబ్బుతుంది."
- ఒక పాఠకుడు, డాలస్

అది వెన్న చిలకగా మిగిలింది కాదు. కొవ్వు తగ్గించిన పాలకు తోడు వేసి పులియబెట్టింది, నీళ్ళు కలపనిది. అందుకే ఒక కప్పుకు సుమారు 100 కేలరీలు, 8 గ్రాముల మాంసకృత్తులు, 280 మిల్లీగ్రాముల క్యాల్షియం, 2 గ్రాముల కొవ్వు ఉంటాయి. పోషణకు మన పల్చటి మజ్జిగ కంటే ఎంతో మెరుగు. అయితే పులిసినా పాలలోని చక్కెర, లాక్టోజ్, కొంతే తగ్గుతుంది, పూర్తిగా పోదు. అర కప్పులో నీళ్ళు కలిపి భోజనంతో తీసుకుని చూడండి. పడితే పెంచండి. చాలా రకాల్లో ఉప్పు ముందే కలిపి ఉంటుంది, మళ్ళీ వేయకండి.

"ఐరన్ మాత్ర మజ్జిగతో వేసుకుంటున్నాను. పర్వాలేదా?"
- ఒక గర్భిణి, నంద్యాల

వద్దమ్మా. క్యాల్షియం ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. మాత్ర మంచినీళ్ళతో వేసుకుని, రెండు గంటలు ఆగి మజ్జిగ తాగండి. థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటల ఎడం కావాలి. టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్స్ వాడేవారు కూడా ఈ ఎడం గురించి అడిగి తెలుసుకోవాలి.

"మా బాబుకు 14 నెలలు. లావు కాకుండా వెన్న తీసిన మజ్జిగన్నమే పెడుతున్నాం."
- ఒక తల్లి, విజయనగరం

ఇవాళే మార్చండి. రెండేళ్ళు నిండేవరకు బిడ్డకు కొవ్వు కావాలి, మెదడు వేగంగా ఎదిగే వయసది. చిన్న పొట్ట పల్చటి మజ్జిగతో నిండిపోతే అన్నం, పప్పు దిగవు. మీగడ తీయని పెరుగుతో అన్నం మెత్తగా కలిపి పెట్టండి, పప్పన్నంలో చెంచా నెయ్యి వేయండి.

"మజ్జిగ పులుసు మరిగిస్తే బలం పోతుందా?"
- ఒక పాఠకురాలు, నెల్లూరు

పొట్టకు మేలు చేసే సూక్ష్మజీవులు వేడికి చనిపోతాయి. మాంసకృత్తులు, క్యాల్షియం అలాగే ఉంటాయి, సొరకాయ ముక్కలు పీల్చుకున్న పులుసుతో సహా తినండి. సూక్ష్మజీవుల కోసమైతే అదే భోజనంలో చివర వేడి చేయని పెరుగు రెండు గరిటెలు వడ్డించుకోండి.