గాజుతొట్టిలో చేపలు - ఫిల్టరు ఎంపిక

ఇంటి ముందుగదిలో ఒక గాజుతొట్టి, అందులో నాలుగు రంగుల చేపలు ఉంటే చూడ ముచ్చటగానే ఉంటుంది. కాని కొన్న పదిహేను రోజులకే అవి ఒక్కొక్కటే చచ్చి తేలడం చాలా ఇళ్ళలో జరుగుతున్నదే. జంతుశాస్త్రం చదువుతున్నవాణ్ణి కనుక మిత్రులు నన్ను తరచు అడుగుతుంటారు, "ఏ ఫిల్టరు కొనమంటావు?" అని. దానికి జవాబు చెప్పాలంటే అసలు ఫిల్టరు చేసే పని ఏమిటో ముందు తెలుసుకోవాలి.

నీళ్ళు తేటగా ఉంటే శుభ్రంగా ఉన్నట్టేనని మనం అనుకుంటాం. అది నిజం కాదు. చేప తన మొప్పల ద్వారా అమ్మోనియాను విడుస్తుంది. మిగిలిన మేత కుళ్ళినా అదే పుడుతుంది. అమ్మోనియాకు రంగు లేదు. అద్దంలాంటి నీళ్ళలోనే చేప చచ్చిపోవచ్చు. నైట్రోసోమోనాస్ వంటి బాక్టీరియా ఈ విషాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే. చేప రక్తం ప్రాణవాయువును మోయలేకుండా చేస్తుంది. మరికొన్ని బాక్టీరియా దానిని నైట్రేట్‌గా మారుస్తాయి. ఇది అంత ప్రమాదం కాదు. వారానికోసారి పావువంతు నీళ్ళు మారిస్తే అదుపులో ఉంటుంది. ఈ రెండవ పని నైట్రోబాక్టర్‌దని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. కాని మంచినీటి తొట్టెల్లో ఆ పని చేసేవి ముఖ్యంగా నైట్రోస్పైరా జాతివని 1998లో వెల్లడైంది. రెండు పనులనూ తామే చేసుకోగల నైట్రోస్పైరాలు ఉన్నాయని 2015లో తేలింది.

కాబట్టి ఫిల్టరంటే ఈ సూక్ష్మజీవులకు మనం కట్టి ఇచ్చే ఇల్లు. వాటికి కావలసినవి రెండు: అంటిపెట్టుకోవడానికి చోటు, ప్రాణవాయువుతో ఆగకుండా పారే నీరు.

ఇక రకాలు చూద్దాం.

1. స్పాంజి ఫిల్టరు: గాలిమోటారుతో నడుస్తుంది, చవక. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 56 లీటర్లు పడతాయి. అందులో పది గప్పీలకు ఇది చాలు. చేపపిల్లలను లోపలికి లాగదు.

2. గులకరాళ్ళ కింద పరిచే పలక: రాళ్ళే బాక్టీరియాకు ఇల్లవుతాయి. కాని అడుగున మడ్డి పేరుకుంటుంది. శుభ్రం చేయడం కష్టం.

3. బయట పెట్టే మూతడబ్బా ఫిల్టరు: పెద్ద తొట్టికి, గోల్డ్‌ఫిష్ వంటి తిండిపోతులకు మంచిది. తొట్టి నీటికి నాలుగైదు రెట్లు గంటకు తిప్పగలిగేది చూసుకోవాలి. అయితే కరెంటు గంటల తరబడి పోతే డబ్బాలో ప్రాణవాయువు అయిపోయి బాక్టీరియా చస్తాయి. కరెంటు రాగానే ఆ కుళ్ళునీరంతా తొట్టిలోకే వస్తుంది.

మన ఇళ్ళకు, హాస్టలు గదులకు నేను స్పాంజినే చెబుతాను. గాలిమోటారును మాత్రం నీటిమట్టం కన్నా పైన పెట్టండి. లేకుంటే కరెంటు పోయినప్పుడు నీళ్ళు గొట్టం గుండా వెనక్కి వచ్చి మోటారు పాడవుతుంది.

ఏది కొన్నా రెండు జాగ్రత్తలు తప్పనిసరి. బాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందాకా చేపలను కొద్దికొద్దిగానే వేయాలి. రెండవది, స్పాంజిని కుళాయి కింద కడగరాదు. ఆ నీటిలోని క్లోరిన్ బాక్టీరియాను చంపుతుంది. తొట్టిలోంచి తోడిన నీళ్ళలోనే పిండాలి.

తరగతిలో నత్రజని చక్రం బొమ్మ వేసి మార్కులు తెచ్చుకుంటున్నాం. అదే చక్రం మన ఇంటి తొట్టిలో తిరిగితే నాలుగు ప్రాణాలు నిలుస్తాయి.