సూర్యుడూ ‘సెట్’, సిమెంటూ ‘సెట్’!

మీ ఇంగ్లీషు వాచకంలోనూ, సైన్సు పుస్తకంలోనూ తరచుగా కనిపించే ఒక చిన్న మాటను గురించి ఈ నెల తెలుసుకొందాం. ఆ మాట ‘సెట్’. ఇంగ్లీషులో దానికి మూడే అక్షరాలు. కాని దాని అర్థాన్ని పొరపాటుగా తీసుకొన్నందువల్ల ఒకసారి నేను మా పిల్లల ముందు తల దించుకోవలసి వచ్చింది. ముందుగా ఆ సంగతి చెబుతాను.

నేను ఉపాధ్యాయునిగా చేరిన తొలి సంవత్సరాలవి. వర్షమాపకాన్ని నిలబెట్టడానికి బడి ఆవరణలో ఒక చిన్న సిమెంటు దిమ్మె కట్టాలనుకొన్నాం. వేసవి సెలవులకు కొద్ది రోజుల ముందు తొమ్మిదో తరగతి పిల్లలు ఇసుక మోశారు, కంకర ఏరారు. నా దగ్గర ఒక ఇంగ్లీషు కరపత్రం ఉన్నది. అందులో ‘లీవ్ ఇట్ టు సెట్’ అని ఉంటే, ‘ఆరనివ్వండి’ అని నేను పిల్లలకు అర్థం చెప్పాను. దాని కింది వాక్యంలో ‘ఏడు రోజులు తడిగా ఉంచండి’ అని ఉన్నది. ఆరవలసినదానిని తడపడమేమిటి, అచ్చుతప్పు కాబోలు అనుకొన్నాను!

మరునాడు ఒక అమ్మాయి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆమె తండ్రి తాపీమేస్త్రి. “మా నాన్న గోనెపట్టా కప్పి రోజూ తడుపుతాడు మాస్టారూ” అన్నది. “తడిపితే ఎలా ఆరుతుందమ్మా?” అని ఆమెను వెనక్కి పంపాను. ఏప్రిల్ ఎండకు దిమ్మె రెండు రోజుల్లోనే తెల్లగా ఎండిపోయింది. నేను సంతోషించాను. జూన్‌లో బడి తెరిచేసరికి దానిమీద నెరియలు కనిపించాయి. గోటితో గీస్తే ఇసుక రాలింది. తొలి వానలకు అంచులు ఊడిపోయి, వర్షమాపకం ఒక పక్కకు ఒరిగింది. ఆ ఏడు మా బడిలో వర్షపాతం లెక్కలు రాయలేకపోయాం.

తప్పు సిమెంటుది కాదు, నాది. ఒక మాటకు ఒక్కటే అర్థం ఉంటుందనుకొన్నాను. ఆ అర్థాన్ని కూడా సరిగా తెలుసుకోలేదు.

ఒకే మాటకు ఇన్ని అర్థాలా?

ఇందులో ఆశ్చర్యం లేదు. మన తెలుగులో ‘కుదురు’ అనే క్రియను చూడండి. పెళ్లి సంబంధం కుదురుతుంది. బేరం కుదురుతుంది. కూరలో ఉప్పూ కారమూ కుదురుతాయి. ‘ఈ వారం రావడానికి కుదరదు’ అంటాం. పెద్దవాళ్లు ‘జబ్బు కుదిరింది’ అనేవారు. ఒకే మాట అయినా మనం ఎక్కడా తికమకపడం. పక్కనున్న మాటలను బట్టి అర్థం తెలిసిపోతుంది.

ఇంగ్లీషులో ‘సెట్’ కూడా అలాంటిదే. 1989లో 20 సంపుటాలుగా వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండవ కూర్పులో అన్నిటికంటే పొడవైన వివరణ ‘సెట్’ అనే క్రియకే ఇచ్చారు. అందులో సుమారు 430 అర్థాలు చూపారు. ఆ తరువాత జరిగిన సవరణలో ‘రన్’ అనే క్రియ దానిని మించిపోయింది. ఆ 430 అర్థాలనూ మీరు బట్టీ పట్టనక్కరలేదు. వేరు పట్టుకొంటే చాలు, కొమ్మలు వాటంతట అవే దొరుకుతాయి.

‘సిట్’ నుండి ‘సెట్’

‘సిట్’ అంటే కూర్చొను. ‘సెట్’ అంటే మొదట కూర్చోబెట్టు అని అర్థం. మనం ‘పడు’ నుండి ‘పడగొట్టు’ చేసుకొన్నట్లే, పూర్వపు ఇంగ్లీషువారు ‘సిట్’ నుండి ‘సెట్’ చేసుకొన్నారు. ‘ఫాల్’ అంటే పడు. ‘ఫెల్ ఎ ట్రీ’ అంటే చెట్టును పడగొట్టు. ఇదీ అటువంటి జతే. ఒక వస్తువును దాని చోట కుదురుగా ఉంచడం ‘సెట్’. అది తనంతట తాను కుదురుకొన్నా ‘సెట్’ అనే అంటారు. ఈ రెండింటినీ విడదీసి చూడడం అలవాటు చేసుకోండి.

అందుకు తేలికైన ఉపాయం ఒకటున్నది. ‘సెట్’ కనబడగానే ‘దేనిని?’ అని ప్రశ్నించండి. జవాబు దొరికితే ఎవరో దేనినో కుదుర్చుతున్నారన్నమాట. దొరకకపోతే అదే కుదురుకొంటున్నదన్నమాట. ఈ రెండు వాక్యాలను చూడండి:

‘ద డాక్టర్ సెట్ ద బోన్.’ దేనిని? ఎముకను. విరిగిన ఎముక ముక్కలను డాక్టరు సరిగా కూర్చి కట్టాడు.

‘ద ప్లాస్టర్ సెట్ ఇన్ టెన్ మినిట్స్.’ దేనిని? జవాబు లేదు. పది నిమిషాల్లో కట్టు గట్టిపడింది.

ఇక్కడే వ్యాకరణం కూడా గుర్తుంచుకోండి. ఈ క్రియకు వర్తమానం, భూతం, భూత విశేషణం మూడూ ‘సెట్’ రూపమే. ‘సెట్టెడ్’ అని రాస్తే మార్కులు పోతాయి. ‘హి సెట్స్’ అంటే వర్తమానం; చివర ‘స్’ లేకుండా ‘హి సెట్’ అంటే భూతకాలం.

గట్టిపడడంలో రకాలు

ఇప్పుడు సైన్సులోకి వద్దాం. పెరుగు, నెయ్యి, సిమెంటు మూడింటికీ ఇంగ్లీషువారు ‘సెట్స్’ అనవచ్చు. మన ఇళ్లలో మాత్రం ఒక్కొక్కదానికి ఒక్కొక్క మాట ఉన్నది. పెరుగు తోడుకొంటుంది. నెయ్యి పేరుకొంటుంది. సిమెంటు బిగుసుకొంటుంది. మాటలు వేరైనట్లే లోపల జరిగే మార్పులు కూడా వేరు.

పాలలో తోడు వేసినప్పుడు బాక్టీరియా పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం వల్ల కేసీన్ అనే ప్రోటీను వలలాగా అల్లుకొని నీటిని తనలో పట్టి ఉంచుతుంది. పాలలోని నీరు ఎక్కడికీ పోలేదు. ఈ మార్పు వెనక్కి తిరగదు. పెరుగును మళ్లీ పాలుగా చేయలేము.

చలికాలంలో నెయ్యి పేరుకోవడం భౌతిక మార్పు. గిన్నెను కాస్త వెచ్చచేస్తే మళ్లీ కరుగుతుంది.

సిమెంటు కథ వేరు. సిమెంటులో ఉండే కాల్షియం సిలికేట్లు నీటితో రసాయనిక చర్య జరుపుతాయి. కొత్త పదార్థాలు ఏర్పడి, ఇసుకనూ కంకరనూ పట్టి బంధిస్తాయి. ఈ చర్యలో వేడి కూడా పుడుతుంది. అంటే సిమెంటుకు నీరు శత్రువు కాదు, ఆహారం! నీరు ఆవిరైపోతే చర్య సగంలో ఆగిపోతుంది. మా దిమ్మెకు జరిగింది అదే. ఏటి మధ్యలో వంతెన స్తంభాలకు వేసే సిమెంటు నీటిలో ఉండి కూడా గట్టిపడుతుందంటే కారణం ఇదే. ‘సెట్’ అంటే ‘ఆరు’ అయితే అది ఎలా సాధ్యం?

మరొక సంగతి. సిమెంటు బిగుసుకోవడానికి కొన్ని గంటలు చాలు. కాని దాని బలం ఆ తరువాత కూడా చాలా రోజులు పెరుగుతూనే ఉంటుంది. అందుకే ఇంజనీర్లు కాంక్రీటు బలాన్ని 28వ రోజున పరీక్షిస్తారు. ‘సెట్’ వేరు, ‘హార్డెన్’ వేరు.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కూడా సిమెంటుకు చుట్టమే. జిప్సంను వేడిచేసి అందులోని నీటిలో నాలుగింట మూడు వంతులు పోగొడితే ఈ పొడి వస్తుంది. నీరు కలపగానే పోయిన నీటిని తిరిగి తీసుకొని సన్నని స్ఫటికాలుగా అల్లుకొంటుంది. కట్టు వేసేటప్పుడు వెచ్చగా అనిపించేది అందుకే.

సూర్యుడు, మామిడి, కోడి

‘ద సన్ సెట్స్ ఇన్ ద వెస్ట్.’ సూర్యుడు పడమట అస్తమిస్తాడు. కాని తిరిగేది భూమి అని మీకు తెలుసు. కాంతి భూవాతావరణంలో వంగడంవల్ల, క్షితిజాన్ని తాకుతూ మనకు కనిపించే సూర్యబింబం నిజానికి అప్పటికే దాదాపుగా దాని కిందికి వెళ్లిపోయి ఉంటుంది. భాష కంటికి కనిపించినదాన్ని చెబుతుంది. జరిగినదేమిటో సైన్సు చెబుతుంది.

తోటలో ‘ద ఫ్రూట్ హాజ్ సెట్’ అంటే పండు గట్టిపడిందని కాదు. పూత నిలిచి, ఫలదీకరణ జరిగి, పిందె కట్టింది. ‘సెట్ ద హెన్ ఆన్ ఎగ్స్’ అంటే కోడిని పొదగవేయండి. 21 రోజులకు పిల్లలవుతాయి.

తోక మాటలు

‘సెట్’ పక్కన చేరే చిన్న మాటలు అర్థాన్ని తిప్పేస్తాయి. ‘సెట్ అప్ ది ఆపరేటస్’ అంటే పరికరాలను అమర్చండి. ‘సెట్ ద బీకర్ అసైడ్’ అంటే బీకరును పక్కన పెట్టండి. జింకుపై సజల హైడ్రోక్లోరికామ్లం పోసినప్పుడు ‘హైడ్రోజన్ ఈజ్ సెట్ ఫ్రీ’ అంటే హైడ్రోజన్ విడుదలవుతుంది. ‘ద మాన్సూన్ సెట్స్ ఇన్’ అంటే రుతుపవనాలు ప్రవేశిస్తాయి. కేరళలో మామూలుగా ఇది జూన్ 1 ప్రాంతంలో జరుగుతుంది.

చేసి చూడండి

ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు ఇసుక తగినంత నీటితో కలిపి రెండు ఉండలు చేయండి. తడి సిమెంటు చర్మాన్ని తినేస్తుంది కనుక చేతులకు తొడుగులు వేసుకొని, పెద్దల సమక్షంలో చేయండి. మరునాడు ఒకదాన్ని నీళ్ల డబ్బాలో వేయండి. రెండోదాన్ని ఎండలో ఉంచండి. ఏడు రోజుల తరువాత రెండింటినీ మేకుతో గీకి చూడండి. దేని నుండి ఎక్కువ ఇసుక రాలిందో మీ నోటు పుస్తకంలో రాయండి.

అభ్యాసం

కింది వాక్యాలకు తెలుగు అర్థం రాయండి. ‘దేనిని?’ అనే ప్రశ్న మరచిపోకండి.

1. సెట్ ద పాయింటర్ ఎట్ జీరో.
2. ద జెల్లీ హాజ్ సెట్.
3. ద స్పార్క్ సెట్ ఫైర్ టు ద గ్రాస్.
4. వి సెట్ ఆఫ్ ఎట్ డాన్.
5. ద టీచర్ సెట్ ద క్వశ్చన్ పేపర్.

జవాబులు: 1. ముల్లును సున్నా దగ్గర ఉంచండి. 2. జెల్లీ గట్టిపడింది. 3. నిప్పురవ్వ వల్ల గడ్డి అంటుకొన్నది. 4. మేము తెల్లవారుతుండగా బయలుదేరాము. 5. ఉపాధ్యాయుడు ప్రశ్నపత్రం తయారుచేశాడు.

ఆ మరుసటి సంవత్సరం మా బడిలో దిమ్మెను తిరిగి కట్టాం. ఈసారి గోనెపట్టా కప్పి రోజూ నీళ్లు పోసే పని ఆ అమ్మాయికే అప్పగించాను. కరపత్రంలో అచ్చుతప్పు లేదనీ, తప్పు నాదేననీ తరగతిలో చెప్పాను. ఆ దిమ్మె గట్టిగా నిలిచింది. పుస్తకంలో మాట అర్థం కానప్పుడు నిఘంటువును అడగండి. ఆ పని చేతులతో చేసేవారు దగ్గరుంటే వారినీ అడగండి. నేను ఆ చెంబెడు నీళ్లను వెనక్కి పంపినట్లు మీరు చేయకండి.