సంపాతి చూపు

ఫర్వానియా, కువైట్
శుక్రవారం, తెల్లవారుజాము

అల్లుడికి,

అబ్బీ, బేగంపేటలో పక్కన మాస్టారు లేకుండా ఒక్కడివే విమానం లేపి దించావని అక్క ఫోనులో చెప్పింది. చెబుతా చెబుతా ఏడ్చింది. ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. లైసెన్సు వచ్చాక ఏం చేస్తాడంట అని అడిగితే, "నీ మాదిరే పైనుంచి ఫొటోలు తీస్తాడంట" అంది. అందుకే ఈ ఉత్తరం. ఫోనులో చెప్పి వదిలేసే మాటలు కావివి.

నేను పైలట్‌ను కాను. ఇరవై ఏడేండ్లుగా ఒకే అరబ్బు ఇంట్లో డ్రైవర్‌ను. ఆ ఇంటి చిన్నపిల్లవాణ్ణి బడికి దింపింది, జ్వరమొస్తే ఆస్పత్రికి మోసుకుపోయింది నేనే. వాడు బయటి దేశంలో చదువుకుంటూ విమానం నడపడం నేర్చుకొని వచ్చాడు. ఉద్యోగం కోసం కాదు, ఇష్టంతో. 2018 జనవరిలో ఒకరోజు, "నువ్వు నన్ను పదేండ్లు తిప్పావు, ఇవాళ నిన్ను నేను తిప్పుతా" అని చెయ్యి పట్టుకొని తీసుకుపోయాడు. నాలుగు సీట్ల సెస్నా 172. నువ్వు నేర్చుకుంటున్నదీ అదేనంట కదా. అప్పటికి నా దగ్గర పాత కెమెరా ఒకటి ఉంది. అలా మొదలై ఇప్పటికి ఏడుసార్లు ఎక్కాను. ఆ ఏడు ఉదయాలూ నాకు తేదీలతో సహా గుర్తున్నాయి.

ముందు ఎత్తు సంగతి చెప్తాను. సెలవుకు వచ్చేటప్పుడు పెద్ద విమానంలో కిటికీ సీటే అడిగి కూర్చుంటాను. ముప్పై అయిదు వేల అడుగుల మీద నుంచి భూమి పటం మాదిరి ఉంటుంది. అందులో మనుషులు ఉండరు. నేల మీద నడిస్తే ప్రతి గోడా కంటికి అడ్డమే. పదిహేను వందల అడుగులు వేరబ్బీ. డాబా మీద నీళ్ల ట్యాంకు, తీగ మీద ఆరేసిన బట్టలు, పావురాల గూళ్లు, సముద్రం ఒడ్డున గాలం వేసి కూర్చున్న మనిషి, అన్నీ కనిపిస్తాయి. ఆ ఊరు అక్కడే ఎందుకు పుట్టిందో, ఎటు పెరిగిందో కూడా అదే చూపులో తెలుస్తుంది. మనిషీ, ఆ మనిషి బతికే ఊరూ ఒకే ఫొటోలో ఇమిడే ఎత్తు అది. చిన్న విమానంలో సుఖం అంటే నాకు అదే.

కువైట్ రోడ్లన్నీ నా చేతికి తెలుసు. ఒకటో రింగు నుంచి ఏడో రింగు దాకా ఏ సిగ్నల్ దగ్గర ఎంతసేపు ఆగాలో తెలుసు. కానీ ఆ రోజు కంట్రోల్ టవర్ ఒప్పుకున్న దారిలో, సముద్రం అంచున పోతూ ఊరి వైపు చూస్తే నోట మాట రాలేదు. రోడ్లు ఒకదాని వెనక ఒకటి విల్లు మాదిరి వంగి ఉన్నాయి. వాటి నడిమధ్య పాత ఊరు. 1920లో ఆ ఊరి చుట్టూ కట్టిన మట్టిగోడను 1957లో కూల్చేశారు, గుమ్మాలు మాత్రం మిగిల్చారు. ఆ గోడ పోయిన జాడలోనే ఒకటో రింగు రోడ్డు సాగింది. ఇన్నేండ్లు నేను కారు నడిపింది ఒక కోటగోడ నీడ వెంబడి అన్నమాట. పుస్తకంలో చదివినా తెలిసేదేమో. కళ్లతో చూసి తెలుసుకుంటే అది మన సొంతమవుతుంది.

అందుకే నీకు నా మొదటి మాట ఇది: పైనుంచి తీయబోయే చోటును ముందు కాళ్లతో తిరుగు. అక్కడి టీ అంగట్లో కూర్చో, పేర్లు అడుగు. నేల తెలియనివాడికి పైనుంచి అందం ఒక్కటే కనిపిస్తుంది, అది రెండు ఫొటోల్లో అయిపోతుంది. నేల తెలిసినవాడికి ప్రతి గీతా ఏదో ఒకటి చెబుతుంది. తీసిన చోటికే మళ్లీ మళ్లీ పో. నేను మొదటిసారి ఎక్కినప్పుడు కువైట్ అఖాతం మీద షేక్ జాబర్ వంతెన పని ఇంకా సాగుతుండింది. 2019 మేలో తెరిచారు. ప్రధాన దారే దాదాపు 36 కిలోమీటర్లు. తరువాతి చలికాలం అదే మూల నుంచి తీసిన ఫొటోను పాతదాని పక్కన పెట్టుకొని చూశాను. ఆ రెంటి నడుమ ఎండలో నిలబడి పని చేసినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఆ జంట ఫొటోలు నా గది గోడకు ఉన్నాయి.

ఇక వెలుతురు. జులైలో ఇక్కడ ఎగరాలని అనుకోకూడదు. 2016 జులై 21న మిత్రిబా అనేచోట 53.9 డిగ్రీలు నమోదైంది. అంత వేడికి గాలి పలచబడుతుంది, రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజను బలం తగ్గుతుంది, రన్‌వే చాలదు. పైగా ఇక్కడివాళ్లు తోజ్ అనే దుమ్ము. అది లేస్తే పక్కింటి గోడ కూడా కనపడదు. మనకు కావలసింది చలికాలంలో వాన కురిసిన మర్నాటి ఉదయం. గాలి కడిగినట్టు ఉంటుంది. పొద్దు పొడిచిన గంట లోపల నీడలు బారెడు సాగి ఉంటాయి. పైనుంచి చూస్తే ఎత్తుపల్లాలు తెలిసేది నీడతోనే. ఈ ఊళ్లో పుట్టగొడుగుల మాదిరి నీళ్ల ట్యాంకులు 31 ఉన్నాయి, నీలం తెలుపు చారలవి. కువైట్ టవర్లతో కలిపి వాటికి 1980లో ఆగాఖాన్ అవార్డు వచ్చింది. మధ్యాహ్నం తీస్తే అవి ఇసుకలో పడేసిన బిళ్లలు. ఉదయం తీస్తే ఒక్కొక్కటీ తన నీడతో లేచి నిలబడుతుంది.

కెమెరా పట్టే తీరు కొంత చెప్తాను, మిగతాది నీ చేతికే తెలుస్తుంది. మోచెయ్యి కిటికీకి ఆనించొద్దు, ఇంజను అదురంతా ఫొటోలోకి వస్తుంది. షట్టర్ వెయ్యో వంతుకు తగ్గనీయకు. ఒంటి మీద నల్లచొక్కా ఉండాలి, లేకుంటే అద్దంలో నువ్వే పడతావు. కెమెరా పట్టీ మెడలో ఉండాలి, లెన్స్ మూత జేబులో. కిటికీ బయటికి ఏదీ పోనీయకు. అక్కడి నుంచి జారింది ఎవరి నెత్తిన పడుతుందో తెలీదు. సెస్నాకు రెక్క పైన ఉంటుంది కాబట్టి నేల బాగా కనిపిస్తుంది. కిటికీని ఆపి ఉంచే చిన్న కమ్మీని ఇంజనీరు విప్పి పెడితే, గాలే కిటికీని పైకెత్తి రెక్క కింద పట్టుకుంటుంది. నడుమ అద్దం లేకుండా మొదటిసారి సముద్రాన్ని చూసినప్పుడు నాకు ఉప్పు వాసన కూడా తగిలినట్టు అనిపించింది.

కానీ అబ్బీ, నడిపేవాడు ఫొటో తీయకూడదు. ఒకరు నడిపే మనిషి, ఒకరు చూసే మనిషి. కింద ఉన్న ఇంటిని చూస్తూ దాని చుట్టూ తిరుగుతుంటే, ఇంకొంచెం, ఇంకొంచెం అని విమానాన్ని వంచుతూ పోతారు. అరవై డిగ్రీలు వంచితే రెక్క పట్టు వదిలే వేగం నలభై శాతం పైగా పెరుగుతుంది, మీ మాస్టార్లు చెప్పే ఉంటారు. తక్కువ ఎత్తులో పట్టు వదిలితే తేరుకునే జాగా ఉండదు.

రెండో ప్రమాదం మసక. నాలుగోసారి మేం అఖాతం మీద ఉన్నప్పుడు నీళ్లూ ఆకాశమూ ఒకే బూడిద రంగైపోయాయి. ఏది పైనో ఏది కిందో తెలీలేదు. నేను ఇంకా ఫొటో కోసం చూస్తున్నాను. పిల్లవాడు మాత్రం నాతో ఒక్క మాట అనకుండా విమానం కొలత గడియారాల మీద కళ్లు పెట్టి వెనక్కి తిప్పేశాడు. దిగాక అతని అరచేతులు తడిగా ఉన్నాయి. 1999 జులై 16 రాత్రి అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు చిన్న విమానంతో సముద్రంలో కూలిపోయింది ఇలాంటి మసకలోనే. తనతో పాటు భార్య, వదిన. వెనక్కి తిరిగిన రోజు ఫొటో లేదని బాధపడకు. నా ఏడు ఉదయాల్లో అదొకటి, దాన్ని కూడా నేను లెక్కలోంచి తీసేయలేదు.

అనుమతి సంగతి. ఇక్కడ దేశమే మన పాత కడప జిల్లా కన్నా కాస్త పెద్దది, అంతే. ఆకాశం ఇరుకు. ఎక్కడ పోవాలో, ఏం తీయకూడదో ముందే తేలాలి. ఒకసారి దక్షిణం వైపు దూరంగా బుర్గాన్ నూనె బావుల నేల కనిపించింది. 1991లో ఇరాక్ సైన్యం పోతూ పోతూ ఆరు వందలకు పైగా బావులకు నిప్పు పెట్టింది. నవంబరు 6న చివరి మంట ఆర్పారు. ఇసుక మీద నల్లటి మచ్చలు ఇంకా ఉన్నాయి. అది తీయదగ్గ దృశ్యమే. కెమెరా ఒళ్లో పెట్టుకొని కళ్లతోనే చూశాను. మన దేశంలోనూ విమానంలోంచి అనుమతి లేకుండా ఫొటో తీయరాదని 1937 నాటి నియమాల్లోనే ఉంది. కాగితాలు రావడానికి నెలలు పట్టినా కూర్చో.

నాకు అన్నింటికన్నా ఇష్టమైనది ఫైలకా దీవి. ఊరికి ఇరవై కిలోమీటర్లు. 1958 నుంచి డెన్మార్క్ వాళ్లు తవ్వి తీసిన గ్రీకుల చదరపు కోట పైనుంచి పలక మీద గీసినట్టు కనిపిస్తుంది. దాని అవతల యుద్ధంలో ఖాళీ అయిన ఇళ్లు. వాటిలో చాలావాటికి మనుషులు మళ్లీ రాలేదు. ఆ దీవికి అలెగ్జాండర్ ఇకారోస్ అని పేరు పెట్టించాడని అరియన్ అనే చరిత్రకారుడు రాశాడు. మైనం రెక్కలతో సూర్యుడి దగ్గరికి ఎగిరి సముద్రంలో పడిపోయిన కుర్రవాడి పేరు అది. పిల్లవాడు ఆ కథ చెబితే నేను అతనికి మన సంపాతి కథ చెప్పాను. తమ్ముడు జటాయువుకు ఎండ తగలకుండా రెక్కలు అడ్డం పెట్టి కాలిపోయినవాడు సంపాతి. ఇకారోస్‌కు అంతటితో కథ అయిపోయింది. సంపాతికి చూపు మిగిలింది. నూరు యోజనాల అవతల సీతమ్మ ఎక్కడుందో కొండ మీద కూర్చొని చూసి చెప్పాడు. లేపాక్షికి నిన్ను భుజాన ఎత్తుకొని పోయినప్పుడు ఈ కథ నీకూ చెప్పాను, నీకు గుర్తుండదు.

ఇప్పుడు నేను అడగబోయేది. 2021 నవంబరు 19న పింఛా ప్రాజెక్టు కట్ట తెగి, అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేరు మన పల్లెల మీద పడినప్పుడు నేను ఇక్కడ ఈ గదిలో ఫోను పట్టుకొని కూర్చున్నాను. పులపుత్తూరు, మందపల్లి, తొగూరుపేట పేర్లు టీవీలో చదువుతుంటే, మోకాలి లోతు నీళ్లలో నిలబడి తీసిన ముక్కలే చూపించారు. ఏరు ఎక్కడ దారి తప్పింది, ఎవరి పొలం మీదుగా పోయింది, ఎంత మేర ఇసుక మేట వేసింది, ఏదీ తెలీలేదు. ఇప్పటికీ నా కళ్లకు అందలేదు. కడప విమానాశ్రయం నుంచి పావుగంట దారి. నందలూరు సౌమ్యనాథస్వామి గోపురాన్ని గుర్తు పెట్టుకొని ఏటి వెంబడి పైకి పో, తెగిన కట్ట దాకా. సంక్రాంతి తరువాత, ఉదయం పూట, పదిహేను వందల అడుగుల మీద.

నువ్వు నడుపు. పక్క సీటు నాకు. కాగితాలకు నువ్వు అర్జీ పెట్టు, అవి వచ్చిన నెలలో నేను సెలవు రాయించుకుంటా. ఆ కిటికీ కమ్మీ విప్పే ఇంజనీరుతో మాత్రం ఇప్పుడే మాట్లాడి పెట్టు.

ఇట్లు
నీ మామ