మీ వారిని చెప్పనివ్వండి



క్యాన్సర్ ముదిరిన వారి మంచం దగ్గర మేము తరచుగా వినే మాట ఒకటుంది. రోగి ఏదో పాత సంగతి మొదలుపెడతారు. పక్కనున్న కొడుకో కూతురో "ఇప్పుడవన్నీ ఎందుకు నాన్నా, పడుకో, నీకేం కాదు" అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ తర్వాత ఆయన ఇక నోరు విప్పరు.

నేనూ ఒకసారి ఆ పనే చేశాను. దివిసీమ నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్. 1977 నవంబరు 19 ఉప్పెన రాత్రి తాటిచెట్టును పట్టుకుని ఎలా బతికారో చెబుతున్నారు. తమ్ముడి చెయ్యి జారిపోయిన దగ్గరకు వచ్చేసరికి ఆయాసం ఎక్కువైంది. "చాలండి, మిగతాది రేపు చెబుదురుగాని" అని ఇంజక్షన్ ఇచ్చి వెళ్ళిపోయాను. మర్నాటికి ఆయన మగతలోకి జారుకున్నారు. తనకు అలాంటి చిన్నాన్న ఒకరు ఉండేవారని ఆయన కూతురికే తెలియదు.

కెనడాలోని విన్నిపెగ్‌లో డాక్టర్ హార్వే చోచినోవ్ ఇందుకోసమే ఒక పద్ధతి తయారుచేశారు. రోగితో అరగంట నుంచి గంటసేపు మాట్లాడి, ఆ మాటలు రికార్డు చేసి, కాగితం మీద పెట్టి, తిరిగి వారికే చదివి వినిపిస్తారు. దిద్దమన్నవి దిద్ది, వారు కోరిన వారికి ఇస్తారు. 2005లో ప్రచురించిన 100 మంది రోగుల అధ్యయనంలో నూటికి 91 మంది తృప్తిగా ఉందన్నారు. 76 మంది తమ గౌరవం నిలిచినట్లు అనిపించిందన్నారు. అయితే 2011లో వచ్చిన ఇంకా పెద్ద అధ్యయనంలో దిగులు కొలతల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అయినా తమకు మేలు జరిగిందని చెప్పినవారు ఈ పద్ధతిలోనే ఎక్కువ. కనుక ఇది మందులకు బదులు కాదు. గడ్డను కరిగించదు. మనిషిని మాత్రం రోగిగా కాక, నాట్లు వేసిన మనిషిగా, పిల్లల్ని చదివించిన మనిషిగా మళ్ళీ నిలబెడుతుంది.

ఇంట్లో మీరూ చేయవచ్చు. నొప్పితో ఉన్నప్పుడు అడగకండి. నొప్పి మాత్ర పనిచేస్తున్న వేళ చూడండి. నోరు తడుపుకోవడానికి నీళ్ళు దగ్గర పెట్టండి. "మీ కథ చెప్పండి" అంటే ఎవరూ చెప్పలేరు. "అమ్మా, నువ్వు మొదటిసారి సంపాదించిన డబ్బులు ఏం చేశావు?" అని అడిగి చూడండి. రికార్డు చేయాలనుకుంటే ముందు అనుమతి అడగండి, దొంగతనంగా వద్దు. తారీఖులు తప్పు చెబితే సరిదిద్దకండి. ఏడిస్తే కంగారుపడి మాట మార్చకుండా చెయ్యి పట్టుకుని కూర్చోండి. చెప్పడం ఇష్టం లేదంటే అక్కడితో వదిలేయండి. పాత తగవులు, ఆస్తి మాటలు బయటికి వస్తే అవి ఎవరికి చేరాలో వారినే అడగాలి.

ఒక జాగ్రత్త. "నాకిక బతకాలని లేదు" అన్నా, అకస్మాత్తుగా పొంతన లేకుండా మాట్లాడుతున్నా, వెంటనే నర్సుకు గానీ డాక్టరుకు గానీ చెప్పండి. రెంటికీ చికిత్స ఉంది.

ఆసుపత్రిలో ఉంటే వార్డులోనే మొదలుపెట్టండి. మీ వారు మాటల మధ్యలో ఉండగా మేము జ్వరం చూడడానికి వస్తే, మమ్మల్నీ ఆగమనండి. పది నిమిషాల తర్వాత వస్తాము.