రెప్పపాటులో వంద మీటర్లు

రాత్రి పెళ్ళి భోజనాలయ్యాక గుడివాడ నుంచి బందరుకు కారులో బయలుదేరారనుకోండి. పిల్లలంతా నిద్రపోతారు. మరి కారు నడిపేవారో? "నాకేం నిద్ర రావడం లేదులే" అంటారు. ఆ మాట నమ్మవచ్చునా?

నిద్ర చాలనప్పుడు మెదడు మనల్ని అడక్కుండానే కొద్ది సెకన్లపాటు నిద్రలోకి జారిపోతుంది. దీన్ని సూక్ష్మనిద్ర అంటారు. ఒక్కోసారి కళ్ళు తెరిచే ఉంటాయి. కాని ఎదుట ఉన్నది మెదడుకు అందదు. కునుకు పట్టిన సంగతి ఆ మనిషికే తెలియకపోవచ్చు!

ఇప్పుడొక లెక్క చేద్దాం. గంటకు 90 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 25 మీటర్లు. నాలుగు సెకన్ల కునుకులో కారు 100 మీటర్లు పోతుంది, నడిపేవాడు లేకుండానే! దివిసీమలో కాలువ గట్ల వెంట సాగే రోడ్లు మీరు చూసే ఉంటారు. అక్కడ రోడ్డు అంచు దాటితే నాలుగడుగుల్లో నీళ్ళు. మెలకువగా ఉన్నవాడు చివరి క్షణంలోనైనా బ్రేకు వేస్తాడు. నిద్రలో ఉన్నవాడు అదీ వేయలేడు.

బందరు నుంచి విజయవాడ మీదుగా హైదరాబాదు వైపు సాగేది 65వ నంబరు జాతీయ రహదారి. దాని మీదనే 2017 ఫిబ్రవరి 28న తెల్లవారుజామున పెనుగంచిప్రోలు మండలం ముళ్లపాడు వద్ద బస్సు కల్వర్టులో పడి కనీసం పదిమంది చనిపోయారు. డ్రైవరు కునికిపాటే కారణమని అప్పట్లో అనుమానించారు. ఇంగ్లండులో 2001లో, సరిగ్గా అదే తేదీన, రాత్రంతా మేలుకున్న ఒకరు బండి నడుపుతూ నిద్రపోయారు. బండి రోడ్డు దిగి రైలు పట్టాల మీద పడింది. రైలు దాన్ని ఢీకొని పట్టాలు తప్పి, ఎదురుగా వస్తున్న గూడ్సును గుద్దుకుంది. పదిమంది మరణించారు.

నిద్రను పట్టుదలతో ఎందుకు ఆపలేం? మేలుకుని ఉన్నకొద్దీ మెదడులో ఎడినోసిన్ అనే పదార్థం పోగవుతుంది. అదే మగత తెస్తుంది. నిద్రపోతేనే అది తగ్గుతుంది. పైగా మన మెదడులో ఒక జీవ గడియారం ఉంది. అర్ధరాత్రి దాటాక తెల్లవారేదాకా, మళ్ళీ మధ్యాహ్న భోజనం తర్వాత, అది మనల్ని నిద్రవైపే లాగుతుంది. పదిహేడు గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని ప్రయోగాల్లో తేలింది. మన చట్టం అనుమతించేది 30 మాత్రమే! అంటే ఉదయం అయిదింటికి లేచినవారు చుక్క తాగకపోయినా రాత్రి పదింటికి ఆ స్థితికి చేరవచ్చు.

మరి మొహం కడుక్కుంటే? పాటలు పెట్టుకుంటే? కాసేపు తేలికపడినట్లుంటుంది, అంతే. కాఫీ ఎడినోసిన్ పనిని కొంతసేపు అడ్డుకుంటుంది కాని దాన్ని తొలగించదు. నిద్ర బాకీ నిద్రతోనే తీరాలి. బండిని రోడ్డు పక్కన భద్రమైన చోట ఆపి, పదిహేను ఇరవై నిమిషాలు పడుకోవడమే అప్పటికి మేలైన ఉపాయం. ప్రయాణం మర్నాటికి వాయిదా వేస్తే మరీ మంచిది.

నడిపేవారు పదే పదే ఆవులిస్తున్నారా? తిరగవలసిన మలుపు దాటిపోయారా? బండి ఒక పక్కకు ఒరిగిపోతోందా? మొహమాటపడకండి. "నాన్నా, కాసేపు ఆపండి" అనండి.

చివరగా మీకొక లెక్క: బస్సు వేగం గంటకు 72 కిలోమీటర్లు. డ్రైవరుకు అయిదు సెకన్లు కునుకు పట్టింది. బస్సు ఎంత దూరం పోయింది? జవాబు కట్టి, మీ ఇంట్లో బండి నడిపేవారికి చూపించండి.