కంట్లో పువ్వా, పొరా?

మా ఇంటి కుక్క పేరు మణి. దానికి తొమ్మిదేళ్లు. పోయిన ఎండాకాలం దాని ఎడమకంట్లో తెల్లగా ఏదో కనిపించింది. మా అవ్వ చూసి "పువ్వేసిందే దీనికి" అనింది. ఎదురింటి తమిళావిడ కూడా అదే మాట, "కణ్ణుల పూ విళుందిరుక్కు" అనింది. మా నాయన ఒప్పుకోలేదు. "పువ్వు కాదు, పొర. ముసలిదైంది గదా, మనుషులకు రాదా" అన్నాడు. ఇంట్లో నాలుగు రోజులు ఇదే వాదన. ఈలోగా మందుల షాపులో అడిగి తెచ్చిన చుక్కలు వేశాము. కన్ను ఎర్రబడి, నీరు కారి, చివరికి మూసుకునే పోయింది.

పువ్వు, పొర అనేవి ఒకే జబ్బుకు రెండు పేర్లని నేను అనుకునేదాన్ని. కాదు. కంటికి అన్నిటికంటే ముందు, గడియారం మీది అద్దంలాగా ఒక పొర ఉంటుంది. దాన్నే కార్నియా అంటారు. దానికి ముల్లు గీరుకున్నా, పిల్లి గోరు తగిలినా పుండు పడుతుంది. మానినాక మిగిలే తెల్లమచ్చే మనవాళ్లు చెప్పే పువ్వు. అది కంటిపైన ఉంటుంది. శుక్లం అట్లా కాదు. అది పాపకు వెనక ఉండే లెన్స్ తెల్లబడటం, అంటే లోపలి సంగతి. పక్కకు తిరిగి కంటిని అడ్డంగా చూస్తే తెలుపు పైన ఉందా, పాప లోపల ఉందా అని కొంతవరకు మనకే తెలుస్తుంది.

ఇంకో తిరకాసు ఉంది. ఏడెనిమిదేళ్లు దాటిన కుక్కలకు లెన్స్ గట్టిపడి నీలంగా, బూడిదరంగుగా కనిపిస్తుంది. శుక్లమే అని భయపడతాము గానీ, దానితో చూపు పెద్దగా పోదు, కోత అక్కరలేదు. చక్కెర జబ్బున్న కుక్కలకు మాత్రం నిజమైన శుక్లమే, అదీ తొందరగా వస్తుంది. పిడుదులు పట్టిన కుక్కలకు వాటివల్ల వచ్చే జ్వరం కంటి లోపలికీ పాకుతుంది. పగ్ లాంటి పొట్టిముక్కు కుక్కల గుడ్లు బయటికి ఉబికి ఉంటాయి కాబట్టి వాటికి పుండ్లు ఎక్కువ.

తిరుత్తణి నుంచి మాకు రెండు దారులు. ఒకటి తిరుపతి పశువైద్య కళాశాల, 1955 నాటిది. రెండోది చెన్నై వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాల, 1903లో మొదలైంది. అక్కడి ఆసుపత్రిలో కంటికి వేరే విభాగమే ఉంది. (1960 దాకా మన తిరుత్తణి చిత్తూరు జిల్లాలోదే గనుక అవ్వ మనసు తిరుపతి వైపు లాగింది.) చివరికి తెలిసినాయన వ్యాన్లో వేపేరికే పోయినాము.

అక్కడ చేసిన పరీక్షలు చూసి నేను ఆశ్చర్యపోయాను. ముందుగా కిందిరెప్పలో ఒక సన్న కాగితం ముక్క పెట్టి ఒక నిమిషం ఉంచారు. కన్నీటితో అది 15 మిల్లీమీటర్లయినా తడవాలట. పది లోపుంటే కన్ను ఎండుతున్నట్టు. తరువాత కంటి ఒత్తిడి కొలిచారు. కుక్కకు సుమారు 10 నుంచి 25 మధ్య ఉండాలి. ఆఖరున నారింజరంగు మందు వేసి నీలం దీపం పట్టారు. పుండు ఉన్నచోట మాత్రమే అది పచ్చగా మెరుస్తుంది. మణి కంట్లో కందిబద్దంత మేర మెరిసింది.

మేము వేసిన చుక్కల సీసా చూపించాను. అందులో స్టెరాయిడ్ ఉంది. ఎర్రదనం తగ్గించడానికి అది మంచి మందే, పుండు మీద మాత్రం వేయకూడదు. పుండు మానదు, ఇంకా లోతుకు పోతుంది, గుడ్డు చిల్లుపడే ప్రమాదం కూడా ఉంది. ఇంకో వారం ఆగి ఉంటే కన్నే పోయేదేమో. కంటికి కన్నే మందన్న కన్నప్ప కథ మన కాళహస్తిదే గానీ, సీసా మీద రాసింది చదవకుండా మందు పోయమని ఆ కథలో లేదు కదా!

అదే శుక్లమై ఉంటే దారి వేరు. ముందు కంటి వెనకుండే రెటీనా పనిచేస్తోందో లేదో చూస్తారు, అది చెడితే కోసినా చూపు రాదు. బాగుంటే మనుషులకు చేసినట్టే శబ్దతరంగాలతో లెన్స్‌ను పొడిచేసి పీల్చేస్తారు. తరువాత వారాలతరబడి చుక్కలు.

మణికి కోత పడలేదు. గీరుకోకుండా మెడకు ప్లాస్టిక్ గరాటా కట్టి, వేరే చుక్కలు పూటపూటకూ వేశాము. గరాటా తగిలి అవ్వ తులసికుండీ ఒకటి పగిలింది. నెలకు పుండు మానింది, చిన్న తెల్లమచ్చ మిగిలింది. చూపు ఉంది. ఆ మచ్చను చూసినప్పుడల్లా అవ్వ నాయన వైపు తిరిగి "పువ్వని నేను ముందే చెప్పలా" అంటుంది.