గ్రుద్ది పారిపోయిన బండి: ఏ బీమా మనకు రక్ష?

పల్నాటి రైతులలో నేడు ట్రాక్టరు గలవారు పెక్కుమంది. కారు గలవారును తక్కువ గాదు. మిర్చి బస్తాలతో గుంటూరు యార్డునకు బోవు బండ్లును, పిడుగురాళ్ల సున్నపు లారీలును, దాచేపల్లి, మాచర్ల ప్రాంతముల సిమెంటు లారీలును ఒకే బాటపై నడచుచుండును. రాత్రివేళ బాట ప్రక్కను నిలిపిన మన బండిని వేరొక వాహనము గ్రుద్ది, నంబరైనను దెలియనీయక పారిపోయినచో ఆ నష్టము నెవరు భరింతురు? "నాకు బీమా కలదు గదా" యని ధైర్యముగా నుండు సభ్యులు ఈ సంగతులను శ్రద్ధగా గ్రహింపవలెను.

1. థర్డు పార్టీ పాలసీ. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ననుసరించి ఇది ప్రతి వాహనమునకును తప్పనిసరి. మన బండి వలన ఇతరులకు గలిగిన నష్టమును మాత్రమే ఇది తీర్చును. మన బండికి గలిగిన నష్టమునకు ఒక్క పైసయైనను రాదు. గ్రుద్దినవాడు దొరికినయెడల వాని థర్డు పార్టీ పాలసీపై పరిహారము కోరవచ్చును. వాడే తెలియనప్పుడు ఎవరి పాలసీపై కోరగలము?

2. స్వంత నష్టపు పాలసీ. గ్రుద్దినవా డెవడైనను, దొరికినను దొరకకున్నను, మన బండి మరమ్మతునకు సొమ్మిచ్చునది ఇదియే. థర్డు పార్టీతో గలిపి "ప్యాకేజి పాలసీ"గా దీనిని తీసికొనవచ్చును. 2019 సెప్టెంబరు నుండి కార్లకును మోటారు సైకిళ్లకును విడిగాను లభించుచున్నది. మొత్తము ఖర్చు మాత్రము రాదు. పాలసీలో వ్రాసిన కొంత సొమ్మును మొదట మనమే భరింపవలెను. రబ్బరు, ప్లాస్టికు భాగముల వెలలో సగము తరుగు క్రింద తీసివేయుదురు. అద్దములకు తరుగు లేదు. ట్రాక్టరుతోపాటు ట్రక్కును గూడ పాలసీలో చేర్చినారో లేదో తప్పక చూచుకొనవలెను.

3. చిన్న దెబ్బకు అడుగవచ్చునా? ఏటేట నష్టపరిహారము కోరనివారికి స్వంత నష్టపు ప్రీమియములో 20 మొదలు 50 శాతము వరకు తగ్గింపు గలదు. కోరినయెడల అది పోవును. ఒకని ప్రీమియము 8,000 రూపాయలు, తగ్గింపు 50 శాతము అనుకొందము. అతనికి ఏటికి 4,000 మిగులుచున్నది. మరమ్మతు 4,500 అయి, తాను భరింపవలసినది 1,000 అయినచో, చేతికి వచ్చునది 3,500 మాత్రమే. మరుసటి యేటనే 4,000 పోవును. తగ్గింపు మరల సున్న నుండి మొదలగును. అట్టిచోట స్వంత ఖర్చుతో బాగుచేయించుకొనుటయే లాభము. నష్టము పెద్దదైనచో సందేహింపక కోరవలెను.

4. మనుష్యులకు దెబ్బ తగిలినచో. 2022 ఏప్రిలు 1వ తేదీ నుండి అమలునకు వచ్చిన కేంద్ర ప్రభుత్వ పథకము ప్రకారము, గుర్తు తెలియని వాహనము వలన మరణించిన వారి కుటుంబమునకు 2,00,000 రూపాయలును, ఎముక విరుగుట వంటి తీవ్ర గాయము పొందిన వారికి 50,000 రూపాయలును లభించును. పూర్వ మీ మొత్తములు 25,000, 12,500 మాత్రమే. బాధితులకు బీమా లేకున్నను, కాలినడకన పోవువారైనను దీనికి అర్హులే. దరఖాస్తును తహసీలుదారునకు గాని రెవిన్యూ డివిజను అధికారికి గాని యీయవలెను. మంజూరు చేయువారు జిల్లా కలెక్టరు. అయితే బండి నష్టమున కీ పథకము వర్తింపదు.

5. చేయవలసిన పనులు. వెంటనే పోలీసుఠాణాలో ఫిర్యాదు చేసి నకలు తీసికొనవలెను. బండిని, చోటును, నేలబడిన ముక్కలను ఫోటోలు తీయవలెను. ఆలస్యము లేకుండ బీమా కంపెనీకి తెలుపవలెను. సర్వేయరు చూడక మునుపు మరమ్మతు మొదలు పెట్టరాదు. గాయపడినవారి ఆసుపత్రి కాగితములను భద్రపరుపవలెను.

సభ్యులారా! నేడే మీ పాలసీ కాగితమును తెరచి, "స్వంత నష్టము" అను పంక్తి యెదుట ప్రీమియము వ్రాసియున్నదో లేదో చూడుడు. చదువురానివారు చదువుకొన్న పిల్లలచేతనైనను చదివించుకొనుడు. ఆ పంక్తి ఖాళీగా నున్నచో, గ్రుద్ది పారిపోయిన బండి చేసిన నష్టమంతయు మీ పంట సొమ్ములోనుండియే పోవునని యెరుంగుడు.